మంగినపూడి దారిలో దాటిపోయే ఊరు

మాఘ పౌర్ణమికి, కార్తీక పౌర్ణమికి మంగినపూడి దారి బస్సులతో, ఆటోలతో నిండిపోతుంది. ఇప్పుడు ఆదివారాలు కూడా అంతే. విజయవాడ నుంచి, ఏలూరు నుంచి, హైదరాబాదు నుంచి కూడా కార్లు వస్తాయి. ఆ నల్లమట్టి తీరంలో ఓ గంట నీళ్లలో దిగి, ఫొటోలు తీసుకుని, తిరుగుదారిలో బందరులో ఆగి తొక్కుడు లడ్డు కట్టించుకుని వెళ్లిపోతారు. మన పూర్వ విద్యార్థుల విహారయాత్రలు కూడా రెండుసార్లు అలాగే జరిగాయి. అంత దూరం వెళ్లి మనం చూసింది సముద్రాన్నీ, మిఠాయి కొట్టునూ. ఊరిని మాత్రం చూడలేదు.

నిజానికి ఆ ఊరు మనందరికీ ఒక మార్కు ఇచ్చింది. 'ఆంగ్లేయులు 1611లో _____ లో వర్తక స్థావరాన్ని స్థాపించారు.' సోషల్ పరీక్షలో ఈ ఖాళీ రాని సంవత్సరం ఉండేది కాదు. మచిలీపట్నం అని రాసి, తర్వాతి ఖాళీకి వెళ్లిపోయేవాళ్లం. అంత దూరం నుంచి ఓడలు వేసుకుని వాళ్లు ఇక్కడికే ఎందుకొచ్చారని మనం అడగలేదు, ప్రశ్నపత్రమూ అడగలేదు. ఉద్యోగం నుంచి దిగిపోయాక నాకు తీరిక దొరికింది. కిందటి చలికాలం రెండు రోజులు బందరులో ఉండి వచ్చాను. బస్టాండులో దిగగానే ఆటో అబ్బాయి "బీచికేనా బాబాయ్?" అన్నాడు. "వలందపాలెం" అన్నాను. అక్కడేముందన్నట్టు చూశాడు గాని తీసుకెళ్లాడు.

వలందపాలెం అన్న పేరులోనే సగం చరిత్ర ఉంది. హాలండువాళ్లను మన పెద్దలు వలందులు అనేవారు. ఫ్రెంచివాళ్లు ఫరాసులు, పరాసులు. అందుకే బందరులో వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెమూ ఉంది. మూడు దేశాల కంపెనీలు ఒకే ఊళ్లో ఇరుగుపొరుగుగా కాపురం పెట్టి, ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచిన కాలం ఆ పేర్లలో మిగిలింది. 'బందరు' అంటేనే పారశీకంలో రేవు. బందరు పోర్టు అంటే రేవు రేవు అన్నమాట. మనకది అలవాటే, గేటు తలుపు అన్నట్టు.

వరుసలో ఇంగ్లీషువాళ్లు మొదటివాళ్లు కారు. డచ్చివాళ్లు 1605-06లోనే వచ్చి గోల్కొండ సుల్తాను దగ్గర అనుమతి పుచ్చుకున్నారు. వాళ్లకంటే ముందే ఇరాన్ వర్తకులు ఇక్కడ స్థిరపడి ఉన్నారు. కుతుబ్ షాహీల రాజ్యానికి ఇది ప్రధానమైన రేవు. ఇక్కడి నుంచి పెగూకు, అరకానుకు, సుమత్రాకు, ఇంకోవైపు ఇరాన్‌కు, మక్కా యాత్రికులతో ఎర్రసముద్రానికి ఓడలు వెళ్లేవి. 1652లో వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి తవర్నియే, బంగాళాఖాతం మొత్తంలో ఓడలు నిలవడానికి ఇంతకంటే మంచి చోటు లేదని రాశాడు. ఇళ్లు మాత్రం కర్రతో కట్టిన మామూలు ఇళ్లని కూడా రాశాడు.

ఇప్పుడు ఆ ఖాళీ అడగని ప్రశ్నకు వద్దాం. యూరపువాళ్లకు కావలసింది లవంగాలు, జాజికాయ, మిరియాలు. అవి పండేది ఇండోనేషియా దీవుల్లో. ఆ దీవులవాళ్లకు యూరపు సరుకేదీ అక్కరలేదు. వాళ్లు కోరుకున్నది కోరమండల్ తీరపు రంగుబట్ట. అంటే సుగంధద్రవ్యాలు కొనాలంటే ముందు బందరులో బట్ట కొనాలి. లండను, ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల లెక్కలన్నీ చివరికి కృష్ణా డెల్టాలోని మగ్గం గుంటల దగ్గరికి వచ్చి ఆగాయి. కంపెనీలు దుబాసీల ద్వారా నేతగాళ్లకు, అద్దకంవాళ్లకు బయానా ఇచ్చి, బట్ట తయారయ్యేదాకా నెలల తరబడి కాచుకునేవి.

ఆ బట్టలో ఉన్న విద్య ఏమిటో తెలియాలంటే పెడన వెళ్లాలి. బందరు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. రెండో రోజు పొద్దున్నే వెళ్లాను. ఓ పెద్దాయన తన కార్ఖానాలో అన్నీ ఓపిగ్గా చూపించాడు. ముందు బట్టను ఉడికించి, ఉతికి, గంజి వదలగొడతారు. తర్వాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలు ఎందుకని అడిగితే, "కొవ్వుంటే రంగు పక్కకి పాకదు బాబూ" అన్నాడు. ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టిన ద్రవంతో నల్ల గీతలు అద్దుతారు. ఎర్ర రంగు పడవలసిన చోట పటిక నీళ్లు అద్దుతారు. అద్దినప్పుడు అక్కడ ఎరుపు జాడే ఉండదు. ఆ బట్టను కాలవలో పారే నీళ్లలో ఉతికి, పెద్ద రాగి కాగులో వేర్ల రంగుతో మరిగిస్తే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పైకి తేలుతుంది. తగలని చోట నిలవదు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ ఎరుపు పోదు.

మనం కెమిస్ట్రీలో చదివింది ఇదే. పటిక రంగునూ నూలునూ ముడివేస్తుంది. నూలు మీద ఇలా చెదరని రంగులు వేసే పనితనం అప్పటి యూరపువాళ్లకు లేదు. పూర్వం ఎరుపుకు వాడింది చిరివేరు. నిజాంపట్నం ప్రాంతపు చిరివేరుకు పెద్ద పేరు. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్వోల్డ్ కూడా ఆ వేరును గురించి ప్రత్యేకంగా రాశాడు. ఈ బట్టలకు అక్కడ ఎంత మోజు పెరిగిందంటే, తమ నేతగాళ్లు చితికిపోతున్నారని ఫ్రాన్స్ 1686లో వీటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టిది మరొకటి చేసింది. పెడన కాలవగట్టు మీద ఆరేసిన బట్టను చూసి పార్లమెంటులు భయపడ్డాయన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకంలో ఉంటే 1611 మరోలా గుర్తుండేది.

ఇప్పుడు కలంకారీ పేరుతో బజార్లో దొరికేవాటిలో చాలావరకు స్క్రీన్ ప్రింటులే. పెద్దాయన తన బట్టనూ ఆ బట్టనూ పక్కపక్కన పెట్టి తిరగేసి చూపించాడు. తేడా చూడగానే తెలిసింది. ధరలోనూ తేడా ఉంది, కొనేవాళ్లు చూసేది దాన్నే. ఆయన కొడుకులిద్దరూ హైదరాబాదులో వేరే పనుల్లో ఉన్నారట. టేకు అచ్చులు చెక్కేవాళ్లు తగ్గిపోతున్నారని, విరిగిన అచ్చును మళ్లీ చెక్కించడమే కష్టంగా ఉందని చెప్పాడు.

మళ్లీ బందరుకు వద్దాం. డచ్చి సమాధులు ఊళ్లోనే ఓ ప్రహరీ లోపల ఉన్నాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. పెద్ద పెద్ద రాతిపలకల మీద వంశచిహ్నాలు, పేర్లు లోతుగా చెక్కి ఉన్నాయి. వర్తకానికి వచ్చి, జ్వరాలకో విరేచనాలకో పోయినవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు. నేనున్న గంటలో ఇంకెవరూ రాలేదు. 1824 ఒప్పందంతో డచ్చివాళ్లు ఇక్కడి హక్కులన్నీ ఇంగ్లీషువాళ్లకు వదిలేసి వెళ్లిపోయారు. ఫ్రెంచివాళ్ల సంగతి ఇంకా చిత్రం. 1669లో వచ్చినవాళ్లు అధికారమంతా పోయిన తర్వాత కూడా పరాసుపేటలో తమ పాత కోఠీ జాగాను మాత్రం వదల్లేదు. 1947 అక్టోబరులో, అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చాక, దాన్ని భారతదేశానికి అప్పగించారు.

చెన్నపట్నానికి మూలం కూడా ఇక్కడే ఉంది. బందరులో డచ్చివాళ్ల పోటీతో, గోల్కొండ అధికారుల ఒత్తిడితో విసిగిన ఇంగ్లీషువాళ్లు దక్షిణాన వేరే చోటు వెతుక్కున్నారు. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసులో జాగా సంపాదించినప్పుడు బందరు కోఠీకి పెద్ద ఆండ్రూ కోగన్. ఆయనే అక్కడికి వెళ్లి జార్జి కోట పని మొదలుపెట్టించాడు.

బందరుకోట ఊరికి ఆగ్నేయంగా, సముద్రంవైపు ఉంది. మధ్యలో పల్లపు నేల. పూర్వం అది చిత్తడి, దాని మీదుగా ఒక కట్ట దారి ఉండేదట. 1759లో ఆ కోట ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. క్లైవు పంపిన కల్నల్ ఫోర్డు దాన్ని ముట్టడించాడు. అతని పరిస్థితి మరీ అధ్వానం. జీతాలు అందక సిపాయిలు తిరగబడ్డారు, మందుగుండు అయిపోవచ్చింది, ఫ్రెంచివాళ్లకు సాయంగా సలాబత్ జంగ్ సైన్యంతో వస్తున్నాడు. ఏప్రిల్ 7 రాత్రి చిత్తడిలోంచి నడిపించి దాడి చేయించాడు. తెల్లారేసరికి కోట అతనిదైంది. లొంగిపోయినవాళ్లు పట్టుకున్నవాళ్లకంటే ఎక్కువ. మర్నెలలోనే సలాబత్ జంగ్ బందరునూ చుట్టుపక్కల సీమలనూ ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చేశాడు. ఉత్తర సర్కారులు వాళ్ల చేతికి పోవడానికి అదే తొలిమెట్టు. ప్లాసీ గురించి పేజీలు చదివాం గాని, మన జిల్లాలు మారిన ఈ రాత్రి గురించి ఒక పేరా కూడా చదవలేదు.

ఆ కోటలో ఇప్పుడు మిగిలినవి పిచ్చిమొక్కల మధ్య కొన్ని ఇటుక కట్టడాలు. గోడల మందం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సున్నం రాలిన చోట మన పిల్లలు పేర్లు గీశారు, పక్కన హృదయాలు కూడా.

1864 నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెన ఈ ఊరిని ముంచింది. ముప్పై వేలమంది దాకా పోయారని అప్పటి లెక్క. గోర్డన్ మెకెంజీ 1883లో ప్రచురించిన కృష్ణా జిల్లా మాన్యువల్లో ఆ వివరాలున్నాయి, చదవడం కష్టం. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన చూసిన మన తరానికి వేరే చెప్పనక్కరలేదు. సహాయానికి బియ్యం, బట్టలు పోగుచేసిన రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అప్పటికే మాంచెస్టరు మిల్లుబట్ట వచ్చి అద్దకాన్ని దెబ్బతీసింది, కృష్ణ తెచ్చే ఒండ్రుతో తీరం మెరక వేసింది, పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేసి సరుకును పడవల్లో దించుకోవలసి వచ్చేది. దాని మీద ఉప్పెన వచ్చి పడింది. దండు కోటను వదిలి వెళ్లిపోయింది.

బందరు చరిత్ర అనగానే జాన్ పేటర్, అరబెల్లా ప్రేమకథ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. సెయింట్ మేరీస్ చర్చికి వెళ్తే మీకూ చెబుతారు. వినండి, బాగుంటుంది. నాకు మాత్రం వ్యాపారం పోయిన తర్వాత ఈ ఊరు పడుకోలేదన్న సంగతే గొప్పగా అనిపించింది. 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి కళాశాలగా ఎదిగింది. 1902లో కృష్ణాపత్రిక ఇక్కడే మొదలైంది, ముట్నూరి కృష్ణారావు గారి చేతిలో అది ఆంధ్రదేశానికంతా గొంతైంది. ఆయనా, కోపల్లె హనుమంతరావు గారూ, పట్టాభి సీతారామయ్య గారూ కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. అక్కడ పాఠాలు చెప్పిన పింగళి వెంకయ్య గారు 1916లో జాతీయపతాకం గురించి పుస్తకం వేశారు. 1923లో పట్టాభి గారు ఆంధ్రా బ్యాంకును ఈ ఊళ్లోనే మొదలుపెట్టారు. మనలో ఎంతమందికి తొలి జీతం ఆ బ్యాంకు ఖాతాలో పడిందో! 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

ఇప్పుడు రేవు మళ్లీ వస్తోంది. 2023 మేలో తపసిపూడి దగ్గర కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రావాలి, ఆ ప్రాంతం కుర్రాళ్లకు పని కావాలి. కాని లారీలు, గోదాములు, స్థలాల ధరలు వచ్చాక పాత కట్టడాల జోలికి ఎవరు వెళ్తారోనన్న భయం నాకుంది. పురావస్తు శాఖ బోర్డు ఉన్నచోటు కొంత నయం. బోర్డు లేని పాత ఇళ్లు, కాలవగట్టు మీది అద్దకం జాగాలు, ఆ పెద్దాయన దగ్గరున్న టేకు అచ్చులు ఎవరి లెక్కలోనూ లేవు.

అందుకని సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. వచ్చే యాత్ర మంగినపూడికే అయితే బస్సు ఓ రెండు గంటలు ముందు బయలుదేరాలి. ముందు పెడన, పదిలోపు డచ్చి సమాధులు, తర్వాత కోట. ఎండ ఎక్కేలోపు ముగించుకోవచ్చు. ఇప్పుడు బడిలో చదువుతున్న తొమ్మిదో తరగతి పిల్లల్ని, వాళ్ల సోషల్ టీచరుగారిని కూడా తీసుకెళ్దాం, ఖర్చు మనం పంచుకుందాం. సముద్రస్నానం మధ్యాహ్నం. లడ్డు సంగతి చివర పెట్టండి, లేకపోతే మన బ్యాచివాళ్లు బస్సు దిగగానే కొట్టు దగ్గరే ఆగిపోతారు.