ఆటల పెట్టెలోకి సినిమా ఎలా వచ్చింది?

ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడే మొదటి యంత్రం 1972లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. రాల్ఫ్ బేర్ ఆలోచనలోంచి పుట్టిన ఆ 'మాగ్నవాక్స్ ఒడిస్సీ'లో శబ్దం లేదు, రంగుల్లేవు. తెర మీద కదిలేవి తెల్లటి చుక్కలే. టెన్నిస్ కోర్టు కావాలంటే దాని బొమ్మ ఉన్న ప్లాస్టిక్ షీటు ఒకటి టీవీ అద్దానికి అంటించుకోవాలి. ఆట తప్ప ఇంకో పని తెలియని యంత్రమంటే అదీ.

ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఆట ఒక్కటే చాలలేదు. ఆటలకే కట్టుబడిన కంపెనీగా పేరున్న నింటెండో కూడా 1988లో జపాన్‌లో తన ఆటల యంత్రం ఫామికామ్‌కు మోడెమ్ తగిలించి, నోమురా సెక్యూరిటీస్‌తో కలిసి ఇంట్లోంచే షేర్లు కొని అమ్ముకునే ఏర్పాటు చేసింది. పిల్లలు మారియో ఆడే పెట్టె మీద నాన్న స్టాక్ మార్కెట్ వ్యవహారం! అది పెద్దగా సాగలేదు. 1993లో ఆటలు, సినిమాలు, పాటలు అన్నీ ఒక్కచోటే అంటూ వచ్చిన 3డీఓ అనే యంత్రం ధర 699 డాలర్లు. ఆ ధర విని జనం దణ్ణం పెట్టేశారు.

అసలు మలుపు 2000 మార్చి 4న. ఆ రోజు జపాన్‌లో సోనీ ప్లేస్టేషన్ 2 విడుదలైంది, ధర 39,800 యెన్‌లు. డీవీడీ ప్లేయర్లు ఇంకా ఖరీదుగానే ఉన్న రోజులవి. ఎలాగూ ఒకటి కొనాలనుకుంటున్న ఇంటికి, కాస్త అటూ ఇటూగా అదే డబ్బులో ఆటలు కూడా వచ్చిపడ్డాయి. 'ది మాట్రిక్స్' డీవీడీకి అక్కడ గిరాకీ పెరగడంలో ఈ యంత్రానికీ వాటా ఉంది. తమాషా ఏమిటంటే, ఆ తొలి యంత్రాల్లో సినిమా ఆడించే సాఫ్ట్‌వేర్ పెట్టెలో ఉండేది కాదు. ఆటలో ఎంతవరకు వచ్చామో దాచుకునే మెమరీ కార్డులో ఉండేది. పీఎస్2 చివరికి 15 కోట్లకు పైగా అమ్ముడైంది.

2001లో నింటెండో గేమ్‌క్యూబ్ దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టింది. అరచేతిలో ఇమిడే 8 సెంటీమీటర్ల డిస్కు, అందులో పట్టేది దాదాపు ఒకటిన్నర గిగాబైట్లు. మామూలు డీవీడీ అందులో దూరనే దూరదు. అమ్మకాలు 2 కోట్ల 20 లక్షలు కూడా దాటలేదు.

ఈ లెక్క చూసి 'అన్నీ ఉన్నదే గెలుస్తుంది' అనుకుంటే పొరపాటే. 2006లో సోనీ అదే పాచిక మళ్లీ వేసింది. పీఎస్3లో బ్లూ-రే పెట్టి అమెరికాలో 499, 599 డాలర్లకు అమ్మింది. 2008 ఫిబ్రవరిలో తోషిబా, బ్లూ-రేకు పోటీగా ఉన్న తన హెచ్‌డీ డీవీడీని వదిలేయడంతో డిస్కుల పోరులో సోనీయే నెగ్గింది. ఆటల పోరులో మాత్రం డీవీడీ కూడా ఆడించని నింటెండో యంత్రం 'వీ' 10 కోట్లు దాటి పీఎస్3ను వెనక్కి నెట్టింది. 2013 మేలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను పరిచయం చేసిన సభలో టీవీ గురించే ఎక్కువ మాట్లాడి ఆటగాళ్ల చేత చీవాట్లు తింది. దాని ధర 499 డాలర్లు, పోటీగా వచ్చిన పీఎస్4 ధర 399.

పీఎస్2ను గెలిపించింది సినిమా కాదు, ఆ రోజుల్లో డీవీడీ ప్లేయర్ ధర. ఇప్పుడు సినిమాలు టీవీలోనే ఉన్నాయి. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో నెట్‌ఫ్లిక్స్ లేదు. అయినా అది 15 కోట్లకు పైగా అమ్ముడైంది.