బదులు

"ఓవెన్ అక్కర్లేదు. ఫ్రిజ్ ఉంటే చాలు" అంది అక్క. ఆ మాట తెలుగులో చెప్పేసరికి మా అమ్మ నా వైపు అనుమానంగా చూసింది. ఓవెన్ లేదు సరే, ఫ్రిజ్ ఉంది. కానీ నంద్యాల ప్రాంతంలో మే నెల ఎండ ఎలా ఉంటుందో, ఆ ఎండలో కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో డర్బన్ నుంచి వచ్చిన మనిషికి ఎవరు చెప్పాలి?

అక్క డర్బన్‌లో చరిత్ర పాఠాలు చెబుతుంది. హైదరాబాదులో ఒక సెమినార్‌లో పరిచయమైంది. నా కంటే పదిహేనేళ్ళు పెద్దది. ఆమె ముత్తవ్వ నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీగా వెళ్ళిన తెలుగు మనిషి. అక్క పుట్టి పెరిగింది ఛాట్స్‌వర్త్‌లో. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద భారతీయులను ఊళ్ళో నుంచి ఖాళీ చేయించి డర్బన్‌కు దక్షిణాన కట్టించిన కాలనీ అది. చిన్నప్పుడు కొన్నాళ్ళు తెలుగు తరగతులకు పోయిందట. ఇప్పుడు మిగిలినవి కొన్ని మాటలే. పప్పు, నెయ్యి, అన్నం, అమ్మ, రా, పో, తిను. భాష పోయినా వంటింటి మాటలు మిగులుతాయని పుస్తకాల్లో చదివాను. మా ఇంట్లో మంచం మీద కూర్చుని ఆ మాటలే కూడబలుక్కుని మాట్లాడే మనిషిని చూడడం వేరు.

గోస్పాడు ఆమె ఊరు కాదు. ఆమె ముత్తవ్వ పేరు పక్కన ఓడ జాబితాలో ఉన్న జిల్లా ఉత్తరార్కాటు. ఊరి పేరును గుమాస్తా తనకు వినపడినట్టు రాసుకున్నాడు, అలాంటి పేరున్న ఊరు ఏ పటంలోనూ దొరకలేదు. అందుకని నాతో పాటు మా ఊరు వచ్చింది, "ఏదో ఒక ఊరు చూస్తాను" అని. వచ్చిన రెండో రోజు పొద్దున మెల్లగా చెప్పింది, మర్నాటికి వాళ్ళమ్మ పోయి ఏడాది అని. అక్కడ తమ్ముడు చేస్తున్నాడు. కొడుకు ఉన్నాడు కాబట్టి కూతురు ఎక్కడున్నా ఫర్వాలేదు.

అమ్మ వెంటనే తిథి అడిగింది. అక్కకు ఇంగ్లీషు తేదీ ఒకటే తెలుసు. "తిథిదేముందిలే పాపా. మీ అమ్మకు ఏమిష్టమో చెప్పు. పోయినోళ్ళకు ఇష్టమైంది పెట్టాల" అంది అమ్మ. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ చెప్పింది: పెప్పర్‌మింట్ క్రిస్ప్ టార్ట్.

దక్షిణాఫ్రికాలో ఈ తీపిని తెలియనివాళ్ళు అరుదు. అక్కడి అఫ్రికాన్స్ భాషలో ఈ రకం వాటిని 'ఐస్కాస్టెర్ట్' అంటారు, అంటే ఫ్రిజ్‌లో చేసే టార్ట్. 200 గ్రాముల టెన్నిస్ బిస్కెట్లు, 360 గ్రాముల క్యారమెల్ ట్రీట్ డబ్బా, ఓర్లీ విప్ అనే క్రీము, నాలుగు పెప్పర్‌మింట్ క్రిస్ప్ చాక్లెట్లు. క్రీమును గిలక్కొట్టి అందులో క్యారమెల్ కలపాలి. పళ్ళెంలో బిస్కెట్లు పరిచి, పైన ఆ మిశ్రమం, ఆ పైన తురిమిన చాక్లెట్, మళ్ళీ బిస్కెట్లు. ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే బిస్కెట్ నాని కేకులా మెత్తబడుతుంది. గుడ్డు లేదు, పొయ్యి లేదు. గుడ్డు లేదు కాబట్టే వాళ్ళమ్మ శుక్రవారాలు కూడా చేసేదట.

గోస్పాడులో ఈ నాలుగింటిలో ఒక్కటీ దొరకదు. నంద్యాల పోయినా దొరకదు. దీనికి బదులు ఏది, దానికి బదులు ఏది అని మేం ముగ్గురం ఆలోచిస్తూ కూర్చున్నప్పుడు, ఈ 'బదులు' అన్న మాట నా బుర్రలో తిరగడం మొదలుపెట్టింది. ఆ ముందు రోజు రాత్రే అక్క తన లాప్‌టాప్‌లో ఒప్పంద కూలీల రేషన్ పట్టిక చూపించింది మరి.

మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911లో ఈ పద్ధతి ఆగిపోయేవరకు నటాల్‌కు వెళ్ళినవాళ్ళు లక్షా 52 వేల మంది. మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఎక్కినవాళ్ళే, తమిళులూ తెలుగువాళ్ళూ. మగవాడికి మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆడదానికి అందులో సగం. రేషనూ సగమే. బియ్యం, పప్పు, ఉప్పు చేప, నూనె లేదా నెయ్యి, ఉప్పు. వారంలో కొన్ని రోజులు బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి ఇవ్వొచ్చని షరతుల్లోనే ఉంది. పనిలోకి రాని ఆడవాళ్ళకు, బాలింతలతో సహా, రేషన్ ఎగ్గొట్టిన యజమానులూ ఉన్నారు.

ఆ పట్టికలో నన్ను ఆపింది 'బియ్యానికి బదులు' అన్న మాటే. చరిత్రలో నమోదైన బదులు ఇది. పైనుంచి, కాగితం మీద, తూకం వేసి ఇచ్చిన బదులు. మా పాత కర్నూలు జిల్లాకు ఇది కొత్త కాదు. నటాల్‌కు వలస కొన్నేళ్ళు ఆగి 1874లో మళ్ళీ మొదలైంది. 1876–78లో మా వైపు ధాత కరువు వచ్చింది. 1871 జనాభా లెక్కల్లో 9 లక్షల 14 వేల మంది ఉన్న జిల్లాలో 1881 నాటికి 6 లక్షల 78 వేల మందే మిగిలారు. ఆ కరువులోనే రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనుల్లో రాళ్ళు కొట్టేవాళ్ళకు రోజుకు ఒక పౌను ధాన్యం చాలని తేల్చాడు. అది చాలదని మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ వాదించాడు. పౌను చాలుతుందా, పౌనున్నర కావాలా అని ఇద్దరు మగవాళ్ళు చేసిన వాదన అంతా కాగితాల్లో భద్రంగా ఉంది. ఆ పౌను గింజల్ని నలుగురికి సరిపెట్టిన ఆడమనిషి ఏం చేసిందో లేదు. గంజి ఎంత పలచన చేసింది? ఏ ఆకు కలిపింది? తను ఎప్పుడు తింది?

ఓడ జాబితాలూ అంతే. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. అక్క ముత్తవ్వ మోచేతి మీద పుట్టుమచ్చ ఉండేదని 130 ఏళ్ళ తర్వాత కూడా మనకు తెలుసు. ఆమె ఏం వండేదో తెలీదు. కానీ ఆనవాళ్ళు లేకపోలేదు. నటాల్‌లో ఇవాళ్టికీ అమ్మవారి కొలుపుల్లో పులిసిన మొక్కజొన్న అంబలి పోస్తారు. రాగిపిండికి బదులు, దొరలు తూచి ఇచ్చిన అదే మొక్కజొన్న పిండి. రేషన్‌గా వచ్చింది నైవేద్యం అయింది. ఈ రెండో బదులుకు కాగితం లేదు, ఎవరు మొదలుపెట్టారో పేరు లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నన్ను నేనే క్షమించుకోలేను. వంటింటి గురించి గొప్పలు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. విమల 'వంటిల్లు' కవిత చదివి పెరిగిన తరం మాది. ఆడవాళ్ళు ఉన్నదాంతో ఎంత చక్కగా సర్దుకుపోతారో అని ఎవరైనా మెచ్చుకుంటే, తర్వాత మన పళ్ళెంలోంచి ఏదో తీసేయబోతున్నారని అర్థం. సగం రేషన్‌ను సమర్థించిన వాదన కూడా ఇంచుమించు అదే కదా, ఆడది తక్కువ తింటుందిలే అని. కాబట్టి సర్దుకుపోవడం వేరు, బదులు వెతకడం వేరు. మొదటిదాంట్లో కోరిక చంపుకోవాలి. రెండోదాంట్లో కోరికను వదలకుండా పట్టుకుని దారి వెతకాలి. అక్కకు ఆ రోజు పాయసం చేసి పెట్టి సరిపెట్టొచ్చు. ఆమెకు కావలసింది పాయసం కాదు.

టెన్నిస్ బిస్కెట్ అంటే ఎలా ఉంటుందని అడిగితే, పల్చగా, నాలుగు పలకలుగా, కొబ్బరి రుచితో అని చెప్పింది. అది మన నైస్ బిస్కెట్టే! మా ఊరి కిరాణా కొట్లో దొరికింది. (ఆ టెన్నిస్ బిస్కెట్ మొదలైంది 1911లోనట. ఒప్పంద కూలీల ఓడలు ఆగిపోయిన ఏడాదే. ఇందులో కార్యకారణాలు వెతకొద్దు, అక్కా నేనూ కాసేపు వెతికి మానేశాం.) క్యారమెల్‌కు మిల్క్‌మెయిడ్ డబ్బాను నీళ్ళలో మూడు గంటలు ఉడికించొచ్చని నేనంటే, అమ్మ ఒప్పుకోలేదు. "గ్యాసంతా దానికేనా? ఇంట్లో బర్రె పాలు పెట్టుకుని డబ్బా పాలెందుకు?" అంది. బెల్లం వేద్దామంటే మరిగే పాలు విరుగుతాయంది. చివరికి చక్కెరను అడుగు మందం గిన్నెలో ఎర్రగా కరిగించి, అందులో కాగిన పాలు కొంచెం కొంచెంగా పోసి కోవాలాగా దగ్గరికి కాచింది. పొయ్యి అక్కర్లేని వంటకు గంటన్నర పొయ్యి దగ్గర నిలబడింది అమ్మ.

క్రీముకు బదులు మీగడ. ఇక్కడ నేను పాడుచేశాను. వేడికి మీగడ పొంగడం మానేసి గడ్డలు కట్టింది. "చల్ల చిలికినట్టు చిలికితే వెన్న రాక యేమొస్తాది?" అని అమ్మ నవ్వింది. రెండోసారి గిన్నెను ఐసు నీళ్ళలో పెట్టి గిలక్కొట్టాం, నిలబడడానికి కొంచెం చైనా గ్రాస్ కరిగించి కలిపాం. అక్క అప్పుడు చెప్పింది, ఓర్లీ విప్ అసలు పాల క్రీమే కాదని. అది వనస్పతి కొవ్వుతో ఫ్యాక్టరీలో చేసేది, క్రీముకు బదులుగా వచ్చింది. తాజా క్రీము వేస్తే వాళ్ళమ్మ ముఖం చిట్లించేదట, రుచి మారిందని. అంటే ఏ అసలుకు మేం ఇంత తంటాలు పడి నకలు చేస్తున్నామో, ఆ అసలే బదులు సరుకుతో చేసినది!

పెప్పర్‌మింట్ మాట వినగానే అమ్మ మాత్రం తడుముకోలేదు. "పిప్పరమెంటే కదా!" అంది. నిజమే, మా చిన్నప్పుడు ఏ తీపి బిళ్ళయినా పిప్పరమెంటు బిళ్ళే. కిరాణా కొట్టు సీసాలోని తెల్ల బిళ్ళలు తెచ్చి రోట్లో నలిపాం. ఘాటు చాలదని తమలపాకుల అంగడి నుంచి పిప్పరమెంటు పువ్వు ఒక్క పలుకు అడిగి తెచ్చింది అమ్మ. పక్కన ఒక పాల చాక్లెట్ తురుము. ఆకుపచ్చ రంగు రాలేదు. రంగు వెయ్యనా అంటే అక్క వద్దంది.

పొరలన్నీ పేర్చి ఫ్రిజ్‌లో పెట్టిన అరగంటకు కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాదన్నారు. అమ్మ స్టీలు గిన్నెకు తడి తుండు చుట్టి, వీధి చివర కూల్‌డ్రింక్ అంగడామె దగ్గరికి తీసుకుపోయింది. ఆమె ఐసు పెట్టెలో సోడా సీసాలు రెండు పక్కకు జరిపి చోటిచ్చింది. ఎవరిదని అడిగితే, "ఒకామె వాళ్ళమ్మ ఏడాదికి" అని చెప్పిందట అమ్మ. ఆమె ఇంకేమీ అడగలేదు. మా దగ్గర చేబదులు అంటే డబ్బే కానక్కర్లేదు, గ్లాసుడు చక్కెర, పిడికెడు ఉప్పు, తోడుకు చెంచాడు మజ్జిగ. ఐసు పెట్టెలో జానెడు చోటు కూడా.

వంటలు రాసి పెట్టిన ఆడవాళ్ళూ ఉన్నారు. డర్బన్‌లో 1954లో ఏర్పడిన విమెన్స్ కల్చరల్ గ్రూప్ అనే చిన్న సంఘం 1961లో 'ఇండియన్ డిలైట్స్' అనే వంటల పుస్తకం వేసింది. సంపాదకురాలు జులేఖా మాయత్. అది లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఆ సంఘం మీద గులాం వాహెద్, తెంబీసా వేట్యెన్ 2010లో ఏకంగా ఒక చరిత్ర గ్రంథమే రాశారు. అంటే అక్కడ వంటల పుస్తకం చరిత్రకు ఆధారమైంది. మనకు మాలతీ చందూర్ 'వంటలు–పిండివంటలు' ఇంటింటా ఉంది. దాని గురించి మన విశ్వవిద్యాలయాల్లో ఎన్ని పరిశోధనలు చేయించాం? నేను సాహిత్యంలో పిహెచ్.డి. చేశాను. ఆ ఏళ్ళన్నిట్లో ఒక్కసారి కూడా దాన్ని 'పుస్తకం' అనుకోలేదు. మా ఇంట్లో ఉన్న ప్రతి అంచుల్లో మా అమ్మ పెన్సిలుతో రాసుకున్న కొలతలు, కొట్టివేతలు ఉన్నాయి. ఈ పని తర్వాత మొదటిసారి వాటిని చదివాను. దాదాపు ప్రతి పేజీలోనూ ఉన్నది ఒకటే మాట: 'లేకపోతే'. జీడిపప్పు లేకపోతే వేరుశనగ. నెయ్యి లేకపోతే సగం నూనె.

మర్నాడు పొద్దున అమ్మ ఒక విస్తరాకు ముక్కలో కొంచెం పెట్టి మిద్దె మీదికి పోదాం రమ్మంది. కాకికి పెట్టేది కొడుకులే కదమ్మా అన్నాను, కావాలనే. "కాకి అడుగుతాదా యేంది?" అంది. అక్క చేత పెట్టించింది. నీళ్ళు వదిలించింది. మంత్రాలేవీ లేవు. అక్క "అమ్మా, రా, తిను" అంది. ఆమెకు వచ్చిన తెలుగు అంతే. ఆ రోజుకు సరిగ్గా సరిపోయింది. కాకి వచ్చి బిస్కెట్ ముక్క లాక్కుపోయింది, మీగడ ముట్టలేదు.

తర్వాత మేం తిన్నాం. కొంచెం కోవాలాగా, కొంచెం తమలపాకుల అంగడి వాసనతో ఉంది. వాళ్ళమ్మ చేసిన రుచి వచ్చిందా అని నేను అడగలేకపోయాను, అమ్మ అడిగేసింది. అక్క రాలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, ఇంకో ముక్క పెట్టించుకుంది. మిగిలింది కూల్‌డ్రింక్ అంగడామెకు గిన్నెతో సహా పంపాం. గిన్నె మూడో రోజు తిరిగొచ్చింది, అందులో రెండు మామిడిపళ్ళు వేసి.

పోతూ పోతూ అక్క మా అమ్మ కొలతలు ఇంగ్లీషు లిపిలో రాసుకుని పోయింది. పిప్పరమెంటు పువ్వు పలుకులు ఒక చిన్న పొట్లం కట్టించుకుంది. ఈ మధ్య డర్బన్ నుంచి ఫోన్ చేసింది. గోస్పాడు పద్ధతిలో చేసి తమ్ముడి ఇంటికి పట్టుకుపోయిందట. నైస్ బిస్కెట్లకు బదులు టెన్నిస్ వేసిందట. పువ్వు ఎంత వెయ్యాలో మా అమ్మ 'ఒక పలుకు' అని చెప్పింది కదా, ఎంత పలుకో చెప్పలేదు. ఘాటుకు పిల్లలందరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట.