తీగె బాడుగయు బేరమును



మన పెద్దలలో సంతకు పోయి, అడిగిన ధరకే వంకాయలు కొని తెచ్చువాడు అరుదు. తూకము ముగిసిన పిదపగూడ గుప్పెడు పచ్చిమిరపకాయలైనను కొసరుగా వేయించుకొనక మనము సంచి మూయము. అట్టి మనమే, టెలివిజనునకును ఇంటర్నెట్టు తీగెకును కంపెనీవారు నెలనెలయు వ్రాసి పంపు మొత్తమును మారుమాట లేక చెల్లించుచున్నాము. పశువుల సంతలో తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టి ఎడ్ల బేరము తెగవేసిన కాపు, ఫోనులో ఒక పిల్ల “అంతేనండీ” యనగానే లొంగిపోవుట నేను కన్నులార చూచితిని.

ఇది మన చేతగానితనము కాదని నా యభిప్రాయము. ఈ సరుకు మన యిండ్లకు వచ్చిన తీరే అట్టిది. మొదటి 60 ఏండ్లకు పైగా దీనికి బేరమను మాటయే లేకుండెను. బేరమునకు అవకాశము ఎప్పుడు కలిగినది, ఎట్లు కలిగినది యను సంగతిని ఈ పూట మీతో ముచ్చటింపదలచితిని.

మన దేశమున క్రమబద్ధమైన రేడియో ప్రసారము 1927 జూలై 23వ తేదీన బొంబాయిలో ప్రారంభమైనది. నడిపినది ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ యను ప్రైవేటు సంస్థ. యంత్రము కలవాడు ఏటికి 10 రూపాయలు లైసెన్సు రుసుము చెల్లింపవలెను. ఆ రుసుములో తనకు వచ్చు భాగముతోను, దిగుమతియగు యంత్రములపై వచ్చు రాబడితోను కంపెనీ బ్రదుకవలసి యుండెను. వినువారు కొలదిమందియే, కర్చు కొండంత. మూడేండ్లు నిండకమునుపే, 1930 మార్చిలో, కంపెనీ మూతపడెను. ఏప్రిల్ నెలనుండి ప్రభుత్వమే దానిని చేపట్టెను. మరుసటి యేడు ప్రభుత్వమునకును ఆ భారము బరువై, ప్రసారము నిలిపివేయ నిశ్చయించెను. అప్పుడు వినువారు ఊరకుండలేదు. వారి యలజడి ఫలితముగా 1931 నవంబరులో ఆ నిశ్చయము ఉపసంహరింపబడెను. డబ్బిచ్చి వినువాడు నోరు విప్పగా పైవారు మెత్తబడిన మొదటి ఘట్టము ఇదియే యని నేను తలంతును. అయినను అది ప్రసారము కొరకు జరిగిన పోరాటమేకాని ధర కొరకు జరిగినది కాదు.

పిమ్మట లైసెన్సు తపాలాకార్యాలయపు వ్యవహారమైనది. 1970వ దశకమునాటికి రేడియోకు ఏటికి 15 రూపాయలు, టెలివిజనునకు 50 రూపాయలు. మా తండ్రిగారు ఆ చిన్న పుస్తకమును, సొమ్మును నా చేతికిచ్చి పంపెడివారు. పోస్టుమాస్టరుగారు అందు బిళ్ల అంటించి ముద్ర వేసెడివారు. ఇన్‌స్పెక్టరు ఊరిలోనికి వచ్చినాడనగానే రేడియోపై దుప్పటి కప్పిన యిండ్లు మా వీధిలో రెండు మూడు లేకపోలేదు. దాచుట కలదు కాని బేరమాడుట లేదు. పోస్టుమాస్టరుతో బేరమాడువాడెవడు? ఈ లైసెన్సు పద్ధతి 1980వ దశకపు నడుమ రద్దయినది.

నడుమ మరియొక వింత జరిగినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, ఏటీఎస్-6 యను అమెరికా ఉపగ్రహపు సాయముతో, 6 రాష్ట్రములలో సుమారు 2,400 పల్లెలకు టెలివిజను చూపిరి. అందు ఆంధ్రప్రదేశము ఒకటి. ఊరికంతకు ఒక పెట్టె. సాయంకాలము అందరును నేలపై కూర్చుండి చూచుటయే. చూచువాడు చెల్లించునది లేదు కనుక అడుగునదియు లేకుండెను. ఏడాది తిరుగగానే ఉపగ్రహమును వారు మరలించుకొనిపోయిరి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో వెలసినది.

అసలు కథ 1991తో ఆరంభము. గల్ఫు యుద్ధమును ఇంటనుండి చూడవచ్చునన్న ఆశతో పట్టణములలో మేడలపై పెద్ద పళ్లెములు లేచినవి. ఒక్క పళ్లెమునుండి వీధి వీధికి తీగెలు ప్రాకినవి. కేబులు ఆపరేటరను క్రొత్త వృత్తివాడు పుట్టెను. తీగె కొబ్బరిచెట్టునకు కట్టి, మన పెరటి గోడమీదుగా లాగి, మొదటి తారీకున మన గుమ్మములోనికి వచ్చి నిలుచువాడు. వానితో మాటలుండెడివి, పెండ్లి పిలుపులుండెడివి. కాని బేరము మాత్రము లేదు. వీధికి ఒక్కటే తీగె గదా! “ఈ నెల నుండి పది రూపాయలు ఎక్కువండీ” యని వాడన్నచో, మనము గొణుగుకొని ఇచ్చెడివారము. రసీదు అడుగుట వానిని అనుమానించినట్లగునని అదియు అడుగలేదు.

1995నాటి కేబులు చట్టము ఆపరేటరు తన పేరు నమోదు చేయించుకొనవలెననెను. నమోదు చేయు అధికారి మరల పోస్టుమాస్టరే కావడము ఒక చమత్కారము. 1997లో ఏర్పడిన టెలిఫోను నియంత్రణ సంస్థకు, అనగా ట్రాయ్ అనుదానికి, 2004 జనవరిలో కేబులు వ్యవహారమును గూడ అప్పగించిరి. ఆ సంస్థ వెంటనే, 2003 డిసెంబరు 26నాడు ఎంత వసూలగుచుండెనో అంతకు మించి వసూలు చేయరాదని ఆజ్ఞాపించెను. ఆజ్ఞ మంచిదే. కాని ఆ డిసెంబరు 26న తాను ఇంత ఇచ్చుచుంటినని నిరూపించు కాగితము ఎంతమంది యింట నుండెను? మా యింట లేకుండెను. అప్పటి నుండి నేను రసీదులను చీలకు గ్రుచ్చి దాచుట మొదలిడితిని.

ధరను నిజముగా కదలించినది ఆజ్ఞ కాదు, రెండవ ద్వారము. 2003లో ఇంటి కప్పుపై నిలుపు చిన్న పళ్లెము, అనగా డీటీహెచ్, మన దేశమునకు వచ్చెను. 2004 డిసెంబరులో దూరదర్శన్ వారు నెలసరి రుసుము లేని పళ్లెమును ప్రారంభించిరి. ఫ్రీ డిష్ అను పేర నేటికిని నడుచుచున్నది. అందు హిందీ ఛానెళ్లే అధికము. అయినను డబ్బా, పళ్లెము కొన్న పిదప నెలకు దమ్మిడీ యక్కరలేదు. మా వీధిలో మొదటి డిష్ లేచిన వారము కేబులు అబ్బాయి తానే వచ్చి, “మాస్టారూ, మీకు పాత రేటేనండీ” యన్నాడు. నేను అడుగనైనను లేదు. ఎదురింటి కప్పుమీది ఆ పళ్లెమే నా పక్షమున మాటలాడెను.

2012 నుండి దశలుగా కేబులు డిజిటలు పద్ధతికి మారి, ఇంటింటికి డబ్బా వచ్చెను. తరువాత ట్రాయ్ 2017లో ప్రకటించిన క్రొత్త ధరల పద్ధతి, వ్యాజ్యములన్నియు దాటి 2019 ఫిబ్రవరి 1న అమలునకు వచ్చెను. ప్రతి ఛానెలునకు వెల ముద్రింపవలెను. కోరిన ఛానెలును విడిగా కొనుక్కొనవచ్చును. మొదటి 100 ఛానెళ్ల తీగె బాడుగ 130 రూపాయలు మించరాదు. పన్నుతో అది 153 రూపాయల 40 పైసలు. ఎన్నుకొనవలసిన వారిలో ఎన్నుకొననివారు మెండుగా నుండిరి. గడువు మార్చి 31 వరకు పొడిగించి, అట్టివారికి ‘తగిన ప్లాను’ను సరఫరాదారుడే చూచి వేయవలెనని చెప్పిరి. వ్యాపారి మనకు తగినదని తలంచినది ఎట్టిదో, మా అక్కగారి యింట నాకు తెలిసినది.

ఆమె చూచునది వార్తలు, భక్తి ఛానెలు ఒకటి, సాయంకాలము రెండు ధారావాహికలు. ఆమె చెల్లించుచున్నది ఆటల ఛానెళ్లకు, ఆంగ్ల చిత్రములకు, ఆమె కొక్క ముక్కయు తెలియని మూడు భాషల వినోదమునకు. “తమ్ముడూ, ఇవన్నీ నేనెప్పుడు అడిగానురా?” యనెను. అడుగలేదు; వలదనియు చెప్పలేదు. ఒక మధ్యాహ్నము కాగితము పెట్టుకొని ఆమె చూచువానిని వ్రాసితిమి. ఆరు తేలినవి. వానిలో రెండు ఉచిత ఛానెళ్లే. ఆమె నెలసరి మొత్తము మూడవవంతు తగ్గెను. ఆ మిగులు ఆమె మందుల చీటీకి పోవుచున్నది.

ఇక ఇంటర్నెట్టు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు దానిని ప్రజలకు తెరచినపుడు, అది కొద్దిమందికే అందు సరుకు. సంవత్సరపు చందా వేల రూపాయలు. 2004నాటి విధానము సెకనుకు 256 కిలోబిట్ల వేగమునే బ్రాడ్‌బాండని పిలిచెను. 2023లో ఆ నిర్వచనమును 2 మెగాబిట్లకు పెంచిరి. ధర పడిపోవుటకు 2016 సెప్టెంబరులో జియో వచ్చుట పెద్ద కారణము. ఇది మీరందరును చూచినదే, విస్తరింపను. మన ప్రాంతమునకు సంబంధించిన ఘట్టము మరొకటి కలదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబరు పథకమును ప్రారంభించిరి. విద్యుత్ స్తంభములపైనే గాజు తీగె లాగి, టెలివిజను, ఇంటర్నెట్టు, ఫోను మూడును కలిపి నెలకు 149 రూపాయలకు మొదలిడిరి. ఆ తీగెలో వచ్చిన చిక్కులు వేరే సంగతి. కాని ఆ 149 అను అంకె పల్లెలో ప్రతివాని నోట పడుటయే, తక్కిన వ్యాపారులతో మాటలాడుటకు మనకొక కొలబద్ద యైనది.

ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. 2011 జనవరి 20 నుండి దేశమంతటను సెల్‌ఫోను అంకెను మార్చకయే కంపెనీని మార్చుకొను హక్కు కలిగినది. డబ్బాకు అట్టి సౌకర్యము లేదు. ఒక కంపెనీ డబ్బా మరొక కంపెనీకి సామాన్యముగా పనికిరాదు. కావుననే వారు డబ్బాను ‘ఉచితముగా’ ఇచ్చుటకు అంత తొందరపడుదురు. ఆ ఉచితము మెడలోని పలుపు.

నేను పడిన దెబ్బయు చెప్పుదును. ఒకమారు పది నెలల వెలకు పన్నెండు నెలలన్న మాటకు లోబడి, ఏడాది సొమ్మును ముందుగా ఇచ్చివేసితిని. నాలుగవ నెలలో, వానలకు తీగె తెగినది. బాగుచేయువాడు రాలేదు, సొమ్ము తిరిగి రాలేదు. నెలనెల ఇచ్చువాడు ఒక నెల ఆపగలడు. ముందే ఇచ్చినవాడు ఏమి ఆపగలడు?

ఆ అనుభవముతో మూడేండ్ల క్రిందట మరియొక కంపెనీతో బేరమాడితిని. నేను నెలకు 600 రూపాయలు, పన్నుతో 708 చెల్లించుచుండగా, అదే వేగమునకు అదే కంపెనీ మా పొరుగున క్రొత్తగా చేరినవానికి 400కే ఇచ్చినదని తెలిసెను. పాత నేస్తమునకు పులుసు, క్రొత్త చుట్టమునకు పరమాన్నము! మొదట రెండవ కంపెనీ మనిషిని పిలిపించి, మా వీధికి వారి తీగె నిజముగా వచ్చునా యని కనుగొంటిని. రాని తీగెను చూపి బెదరించిన బేరము నిలువదు. గడువు ముగియుటకు పది దినములు ముందు ఫోను చేసితిని. మొదట పలికిన పిల్ల, మర్యాదగానే, “తగ్గించే వీలు లేదు సర్” అన్నది. కోపపడలేదు, ఆ బిడ్డ చేతిలో ఏమున్నది? “అమ్మా, కనెక్షను తీసివేయించుటకు నేనేమి చేయవలెను?” అని అడిగితిని. వెంటనే వేరొకరికి అప్పగించెను. విడిచిపోవువారిని నిలుపుకొనుటకై కంపెనీలు కొందరిని ప్రత్యేకముగా నియమించునని అప్పుడు తెలిసినది. ధర తగ్గించు అధికారము వారికడనే కలదు. అయిదు నిమిషములలో 450 అనిరి. పన్ను కలిపియా, కలుపకయా? ఎన్ని నెలలకు? పిదప ఎంత? ఈ మూడును అడిగి, ఒప్పుకొన్న మాటను సందేశముగా ఫోనుకు పంపుమంటిని. పంపిరి. పన్ను కలుపక 450, ఆరు నెలలకు. పోనిమ్మని ఊరకొంటిని.

మాట తప్పినచో దారి కలదు. 2012నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారము ఫోను, ఇంటర్నెట్టు ఫిర్యాదునకు కంపెనీ ఒక సంఖ్య ఇచ్చి తీరవలెను. అప్పటికిని తృప్తి లేనిచో, ఆ కంపెనీలోనే నియమింపబడిన అప్పీలు అధికారికి రుసుము లేకయే వ్రాసుకొనవచ్చును. వినియోగదారుల న్యాయస్థానపు ద్వారము 2009నాటి ఒక తీర్పు వలన టెలిఫోను వివాదములకు మూతపడినట్లయి యుండెను. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అచటికి పోవుటకు అడ్డు లేదని తేల్చెను.

తుదకు ఇటీవలి వార్త. 2024 జూలైలో ట్రాయ్ టెలివిజను తీగె బాడుగపై తానుంచిన పరిమితిని ఎత్తివేసెను. అనగా 130 అను కట్టుగొయ్య ఇక లేదు. ధర ప్రకటించుట వ్యాపారి వంతు, ఒప్పుకొనుటయో మానుటయో మన వంతు. మా యింటి ఆరు నెలల గడువు ఈమారు కార్తిక మాసములో ముగియును. పంచాంగములో ఆ తిథి కెదురుగా పెన్సిలుతో గుర్తు పెట్టియుంచితిని. దానికి పది దినములు ముందు మరియొక గుర్తు.