చిన్న మరక, పెద్ద భయం: స్కాన్ రాకముందు ఏం చేసేవాళ్లు?

మా అక్కకి రెండో నెలలో లైట్‌గా స్పాటింగ్ కనిపించింది. ఇంట్లో అందరం వణికిపోయాం. స్కాన్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం చూశాకే ఊపిరి పీల్చుకున్నాం. మరి స్కాన్ లేని రోజుల్లో?

మొదటి నెలల్లో లోపల ఏం జరుగుతోందో చూసే దారే లేదు. అందుకే భయానికి మందేశారు. అమెరికాలో 1940ల నుంచి గర్భం నిలవడానికని డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్ ఇచ్చేవాళ్లు. 1953లో షికాగో యూనివర్సిటీ డాక్టర్లు పరీక్షించి చూస్తే లాభం లేదని తేలింది. అయినా ఆపలేదు! ఆ మందు వాడిన తల్లులకి పుట్టిన కొందరు అమ్మాయిలకి అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని 1971లో బోస్టన్ డాక్టర్లు బయటపెట్టారు. అప్పుడుగానీ గర్భిణులకి ఇవ్వొద్దని ఎఫ్‌డీఏ చెప్పలేదు.

ఈలోగా స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో డాక్టర్ ఇయాన్ డొనాల్డ్, లోహంలో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ మెషీన్‌ని మనిషి పొట్ట మీద పెట్టి చూశాడు. దాన్ని స్కానర్‌గా మార్చింది టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీర్. మనోడే అనిపించింది నాకు! 1958లో వాళ్ల పేపర్ లాన్సెట్‌లో వచ్చింది. 1972లో అదే ఊళ్లో హ్యూ రాబిన్సన్ మొదటి మూడు నెలల్లోనే గుండె కదలికని పట్టుకున్నాడు.

మొదట్లో కొద్దిగా స్పాటింగ్ చాలామందికి కనిపిస్తుంది, వాళ్లలో ఎక్కువమందికి గర్భం నిలబడుతుంది కూడా. కానీ ఊహించి చెప్పలేం. సొంతంగా మందులు మింగకండి, డాక్టర్‌కి చెప్పండి. బ్లీడింగ్ ఎక్కువైనా, కడుపునొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. చూడకుండా మందిస్తే ఏమవుతుందో డీఈఎస్ కథ చెప్పేసింది కదా!