మోరో శిల – మెట్ల చరిత్రము

అమెరికా దేశపు కాలిఫోర్నియా రాష్ట్రమున, సియర్రా నెవాడా పర్వతములయందు, 1890వ సంవత్సరమున సెకోయా జాతీయోద్యానము స్థాపింపబడెను. ఆ యుద్యానమున మహావృక్షముల తరువాత యాత్రికుల నాకర్షించునది మోరో శిల. ఇది సముద్రమట్టమునకు 6,725 అడుగుల యెత్తున గుమ్మటమువలె నిలిచిన గ్రానైటు బండ. మోరో యనునది స్పానిషు భాషలో నొక గుఱ్ఱపు వన్నెకు బేరు. ఆ వన్నెగల గుఱ్ఱ మొకటి 1860 ప్రాంతమున నిచట దిరుగుచుండుటచే శిల కీనామము గలిగెనని స్థానికుల వాడుక.

భూగర్భమున గడ్డకట్టిన యీ శిల, పైనున్న భూభాగము క్షయించి భారము తొలగగా, ఉల్లిపొరలవలె విచ్చి గుండ్రదనము వహించినది. ఆ విచ్చుటచే నేర్పడిన నెఱ్ఱెలును అంచులును తరువాతివారికి మార్గము జూపినవి.

1861లో హేల్ థార్పను పశుపాలకుడు దీని నెక్కెనందురు. దానినే ప్రథమారోహణమని చెప్పుట వాడుకయైనది. కాని యంతకు బూర్వమే, దిగువనున్న కవీయా నదీతీరమున పశ్చిమ మోనో జాతివారు నివసించుచుండిరి. కావున నా ప్రథమత్వము వ్రాతకెక్కిన చరిత్రకు మాత్రమే చెల్లును.

1917లో శిఖరమునకు గొయ్యమెట్లు గట్టిరి. అవి యెండవానలకు శిథిలములు కాగా, 1931లో రాతితోను కాంక్రీటుతోను క్రొత్త సోపానము నిర్మించిరి. అందు 350కి మించి మెట్లు గలవు. నిర్మాతలు బండను దొలిచి తిన్నని దారి చేయక, సహజమైన నెఱ్ఱెలను, అంచులను అనుసరించి మెట్లను నడపిరి. 1978లో నీసోపానము జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో జేరెను.

శిఖరమునుండి తూర్పున మంచుకొండల వరుసయు, పడమట శాన్ వాకీన్ లోయయు గానవచ్చును. కాని యా లోయలోని వాహనముల పొగయు, పొలముల ధూళియు నెగసివచ్చి పెక్కుదినములు, ముఖ్యముగా వేసవియందు, ఆ దృశ్యమును గప్పివేయుచున్నవి. నాటి నిర్మాతలు శిలారూపమును గాపాడిరి, దారియు నిలిచినది. ఏ దృశ్యమునకై యా దారి వేయబడెనో దానిని గాపాడుట ఉద్యానపాలకుల వశమున మాత్రమే లేదు. ఎల్లకు వెలుపలనున్న లోయవాసులు పూనుకొనవలసియున్నది.