పసిబిడ్డను ఎవరు చూడాలి? డేకేర్ ఖర్చు, సర్కారు సాయం

ఆలుమగలిద్దరూ పనికి వెళ్లే ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో దగ్గరుంటే సరే. లేకుంటే డేకేరే గతి. అక్కడ నెల ఫీజు ఒక్కటే చూసి చేర్చవద్దు. అడ్మిషన్, టిఫిను, ఆటో, సాయంత్రం ఆలస్యమైతే వేసే అదనపు రుసుము అన్నీ కలిపి రాసుకోవాలి. మన ఇళ్లలో ఈ మొత్తాన్ని కోడలి జీతంలోంచే తీసివేసి, “ఇంకేం మిగిలింది, మానెయ్యమ్మా” అంటుంటారు. ఆ లెక్క సరికాదని మా అభిప్రాయం. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు ఖర్చు ఇద్దరి జీతాల మీదా పడాలి.

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. ఈ సంగతులు ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే అడగండి, మొహమాటం వద్దు.

అంగన్‌వాడీ ఉచితం. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు వేడి భోజనం, ఆటపాటలు ఉంటాయి. కానీ సాయంత్రం దాకా ఉంచుకోరు. ఆ లోటు తీర్చడానికే కేంద్రం ‘పాల్నా’ పథకం కింద అంగన్‌వాడీ క్రెష్‌లు నడుపుతోంది. 6 నెలల నుంచి 6 ఏళ్ల దాకా, రోజుకు ఏడున్నర గంటలు చూసుకుంటారు. ప్రతి ఊళ్లో లేవు, మీ అంగన్‌వాడీ టీచరును కనుక్కోండి. కర్ణాటక పంచాయతీల్లో ఉపాధి కూలీల పిల్లల కోసం ‘కూసిన మనె’ కేంద్రాలున్నాయి.

నగదు సాయం విషయానికొస్తే, అర్హులైన కుటుంబాలకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి బిడ్డకు 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 వస్తాయి. తమిళనాడులో ముత్తులక్ష్మీరెడ్డి పథకం పేద తల్లులకు నగదు, పోషకాహార కిట్లు కలిపి 18,000 ఇస్తుంది. ఒడిశాలో 2011 నుంచి ‘మమత’ ఉంది.

మనవాళ్లకు చిక్కొచ్చేది ఇక్కడే. తొలి కాన్పు పుట్టింట్లో కదా! హొసూరు కోడలు పురిటికి కుప్పం వెళ్తే, రాష్ట్ర పథకానికి మెట్టినింటి చిరునామా, అక్కడి ఆరోగ్య కేంద్రంలో గర్భిణిగా పేరు నమోదు చూస్తారు. అందుకే నెల తప్పగానే అత్తవారి ఊళ్లో పేరు నమోదు చేయించాలి. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, తల్లి పేరిట బ్యాంకు ఖాతా పుస్తకం పురిటి సంచిలోనే పెట్టుకోండి.

ఆదాయపన్ను పాత పద్ధతిలో కట్టేవారికి ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు మీద మినహాయింపు ఉంది, ప్లేస్కూలుకూ వర్తిస్తుంది. వ్యాను చార్జీలకు, డొనేషనుకు వర్తించదు గనుక రసీదులో ట్యూషన్ ఫీజు విడిగా రాయించుకోండి.