పుర్రెలో గాలి చిక్కితే

మెదడు ఆపరేషన్ అయిన మర్నాడు తీసిన సీటీ స్కాన్ చూసి డాక్టరు ‘లోపల కొంచెం గాలి ఉంది’ అంటే బంధువుల గుండె జారిపోతుంది. నిజానికి ఆ రోజు గాలి కనిపించకపోతేనే వింత. మెదడు పైభాగంలో శస్త్రచికిత్స చేయించుకున్నవారి స్కాన్లను వరసగా పరిశీలించిన ఒక అధ్యయనం 1994లో ‘అనస్థీసియాలజీ’ పత్రికలో వచ్చింది. మొదటి రెండు రోజుల్లో తీసిన ప్రతి స్కాన్‌లోనూ గాలి ఉంది. రెండో వారంలో తీసినవాటిలో దాదాపు 60 శాతంలో, మూడో వారంలో 26 శాతంలో ఇంకా కనిపించింది. వైద్యులు దీన్ని న్యూమోసెఫాలస్ అంటారు. ఇందులో గాలి ఉందా లేదా అన్నదానికంటే ముఖ్యమైనవి రెండున్నాయి: ఆ గాలి మెదడును నొక్కుతోందా, అది వచ్చిన దారి ఇంకా తెరిచే ఉందా? వైద్యులు ఈ తేడా తెలుసుకోవడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

ముక్కు పక్కనుండే ఎముక గదులు (సైనస్‌లు) చీముపట్టి, అక్కడి నుంచి గాలి మెదడులోకి చేరిన ఉదంతాన్ని 1884లో కియారి అనే వైద్యుడు శవపరీక్షలో చూసి వివరించాడు. 1913లో న్యూయార్క్ సర్జన్ లకెట్, పుర్రె పగిలిన ఒక రోగి ఎక్స్‌రేలో మెదడు లోపలి నీటి గదులు గాలితో నిండి ఉండటం చూశాడు. బతికున్న మనిషి తలలో గాలిని చూపిన తొలి చిత్రం అదే. ఆ తర్వాత కథ మలుపు తిరిగింది. 1918లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన వాల్టర్ డాండీ ఆ నీటి గదుల్లోకి కావాలనే గాలి ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. మరుసటి ఏడాది అదే పని నడుము దగ్గర సూది గుచ్చి చేశాడు. మామూలు ఎక్స్‌రేలో మెదడు కనిపించదు, గాలి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. దాని ఆకారం చెదిరిన చోట గడ్డ ఉందని ఊహించవచ్చు. 1971లో లండన్‌లో తొలి సీటీ స్కాన్ తీసేదాకా, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు, ప్రపంచమంతటా ఈ గాలి పరీక్ష వాడుకలో ఉంది. పరీక్ష అయ్యాక తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు వచ్చేవి. రోజులు గడిచేకొద్దీ శరీరం ఆ గాలిని తనంతట తానే పీల్చేసుకునేది. తలలో చేరిన గాలంతా ప్రాణాంతకమే అయితే, అర్ధశతాబ్దం పాటు ఆ పరీక్ష సాగేదే కాదు.

అది కొలిచి ఎక్కించిన గాలి, ప్రమాదవశాత్తూ చొరబడిన గాలితో పోల్చవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. డాండీ పద్ధతిలో ఎంత నీరు తీస్తే సుమారు అంతే గాలి ఎక్కించేవారు, కాబట్టి ఒత్తిడి పెద్దగా మారేది కాదు. అయినా అందులో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. దారి తెరిచి ఉన్నప్పుడు ఏమవుతుందో 1926లో డాండీయే రాశాడు. సైనస్ గోడకో, మెదడు పైపొరకో పడిన చిరుగు సైకిల్ ట్యూబు వాల్వులా పనిచేయవచ్చు. దగ్గినా, తుమ్మినా, ముక్కు చీదినా గాలి లోపలికి వెళుతుంది, తిరిగి బయటికి రాదు. మరో దారి కూడా ఉంది: చిరుగులోంచి నీరు కారిపోతుంటే ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. ఇలా పోగుపడి మెదడును నొక్కే గాలికి టెన్షన్ న్యూమోసెఫాలస్ అనే పేరు 1962లో వచ్చింది.

బయటి నుంచి కొత్తగా గాలి చొరబడకపోయినా ఒత్తిడి పెరగగలదని మత్తు వైద్యులు చూపించారు. గాలి పరీక్షలు ఇంకా జరుగుతున్న 1965లో సైడ్‌మన్, ఎగర్ ఒక సంగతి బయటపెట్టారు. తలలో గాలి ఉన్న రోగికి నైట్రస్ ఆక్సైడ్ మత్తు ఇస్తే లోపలి ఒత్తిడి త్వరగా పెరుగుతోంది. రక్తంలో ఆ వాయువు నైట్రోజన్ కంటే సుమారు 34 రెట్లు ఎక్కువగా కరుగుతుంది. అందుకే గాలిబుడగలోంచి నైట్రోజన్ బయటికి వచ్చేలోపే అది లోపలికి దూరి బుడగను ఉబ్బిస్తుంది. తల ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లో మళ్లీ మత్తివ్వాల్సి వస్తే ఆ వాయువును పక్కన పెట్టడానికి కారణం ఇదే.

సీటీ వచ్చాక ఇక పటమే తీర్పు చెబుతుందనుకున్నారు. 1988లో జపాన్ వైద్యులు ఫ్యూజీ పర్వతం గుర్తును వర్ణించారు. గాలి నొక్కుడికి మెదడు ముందుభాగాలు రెండూ వెనక్కి జరిగి, వాటి కొనలు విడిపోయి, నల్లటి గాలి మధ్య రెండు శిఖరాల్లా కనిపిస్తాయి. ఆ వైద్యులు చూసినవి పుర్రెకూ మెదడుకూ మధ్య పేరుకున్న పాత రక్తాన్ని తీసేశాక ఎదురైన కేసులు. ముసలివారిలో కుంచించుకుపోయిన మెదడు ఆపరేషన్ కాగానే తిరిగి విప్పారదు, మిగిలిన ఖాళీలో గాలి కూర్చుంటుంది. ఈ గుర్తు విలువైనదే. కానీ స్కాన్‌లో అది కనిపించినా హాయిగా మాట్లాడుతూ భోజనం చేసే రోగులున్నారు. అలాంటప్పుడు పటానికి కాదు, మనిషికే వైద్యం చేయాలి. స్పృహ తగ్గుతోందా, కంటిపాప మారిందా, చెయ్యీ కాలూ పట్టు తప్పుతున్నాయా అన్నవే గాలిని బయటికి తీయాలో వద్దో తేల్చాలి.

‘వేచి చూద్దాం’ అనడం చేతులు ముడుచుకోవడమే కదా అనేవారున్నారు. ఆ వేచి చూడటంలో పని చాలానే ఉంది. గంటగంటకూ స్పృహ పరీక్షిస్తారు. తల ఎంత ఎత్తున ఉంచాలో చెబుతారు. దగ్గు రాకుండా, మలవిసర్జనకు ముక్కకుండా మందులిస్తారు. ముక్కు చీదనివ్వరు. మాస్కుతో ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే రక్తంలో నైట్రోజన్ తగ్గుతుంది, అప్పుడు బుడగలోని నైట్రోజన్ త్వరగా రక్తంలోకి జారుకుంటుంది. 2008లో వచ్చిన ఒక చిన్న తులనాత్మక అధ్యయనంలో ఇలా ఇచ్చినవారిలో గాలి వేగంగా తగ్గింది. అలాగని రోజుల తరబడి ఇవ్వడానికి లేదు, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎక్కువసేపు పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. రోగి స్పృహ జారుతుంటే మాత్రం ఆలస్యం తగదు. పుర్రెలో పాత రంధ్రం ఉంటే దానిగుండా, లేకపోతే కొత్తది వేసి, గాలిని బయటికి తీయాలి. నా దృష్టిలో అది సగం చికిత్సే. చిరుగు పూడ్చకపోతే గాలి మళ్లీ చేరుతుంది, దాని వెంట సూక్ష్మక్రిములు చేరి మెదడు పొరల వాపు (మెనింజైటిస్) తేవచ్చు.

తలకు ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినవారు, వారిని చూసుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ముందుకు వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం బొట్లుబొట్లుగా కారితే జలుబనుకోకుండా ఆరోజే సర్జన్‌కు చెప్పండి. విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల ఎత్తున్న కొండమీద ఉన్నంతకు పడిపోవచ్చు, అప్పుడు తలలో చిక్కిన గాలి దాదాపు మూడోవంతు వ్యాకోచించడానికి చూస్తుంది. అందుకే సర్జన్‌ను అడగకుండా టికెట్ కొనకండి.